గాలి తిన్నదానికి లెక్క ఏది?

ముస్లిం ఒక మొక్క నాటితే, దాని ఫలాన్ని మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది నాటినవాని పేరున దానం (సదఖా)గా వ్రాయబడుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసు మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలుసు. సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనం ఇంకా ముందుకు వెళ్ళి, దొంగ ఎత్తుకుపోయినది కూడా దానమేనని చెబుతుంది. 2018 చివరిలో ఒక శుక్రవారం, కాశీబుగ్గలో జుమా నమాజు ముగిశాక మేము నలుగురం కూర్చుని ఈ విషయమే చెప్పుకుంటున్నాం. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన, మేమంతా చాచా అని పిలిచే మనిషి, అంతసేపూ వింటూ కూర్చున్నారు. చివర్లో అడిగారు: "మనిషి తిన్నదానికి లెక్కుంది, పిట్ట తిన్నదానికి లెక్కుంది, దొంగ తిన్నదానికీ లెక్కుంది. మరి గాలి తినేసిందానికి ఏటి లెక్క బాబూ?"

ఈ ప్రశ్న బరువు తెలియాలంటే ఉద్దానం తెలియాలి. ఉద్యానం అనే మాటే వాడుకలో ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. పలాస నుంచి సముద్రం వైపుకు, అటు మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వాటిలో కొంత తిని వెళ్ళింది. సరిగ్గా ఐదేళ్ళకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లవారి చూస్తే నిన్నటిదాకా నీడ ఉన్న దారుల్లో ఎండ పడుతోంది. వరి పోతే మరుసటి ఏడు మళ్ళీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి అలా కాదు. తల విరిగితే చెట్టు చచ్చినట్టే. కొత్త మొక్క పెడితే కాపుకు ఆరేడేళ్ళు ఆగాలి. చాచాకు అప్పటికే అరవై దాటాయి. కొడుకు హైదరాబాదులో కూలిపని చేసుకుంటున్నాడు. పడిపోయిన తోట చాచా నాటినది కాదు, ఆయన తండ్రి నాటినది.

ఆనాడు మా మధ్య ఉన్న ఒకరు, ఇదంతా జనం చేసిన పాపాల ఫలితం అన్నారు. ఖలమ్ సూరాలోని తోటవారి వృత్తాంతం గుర్తు చేశారు. పేదలకు ఒక్క పండు కూడా దక్కకుండా తెల్లవారుతూనే కోసుకుందామనుకున్నవారు రాత్రికి రాత్రే తోటను పోగొట్టుకున్నారు. వృత్తాంతం సత్యం. కానీ దాన్ని తీసుకువచ్చి ఉద్దానం మీద పెట్టే అధికారం మనకెవరిచ్చారు? ఆ తోటవారి నేరం ఏమిటో అల్లాహ్ స్వయంగా తెలియజేశాడు. మన పొరుగువాని తోట ఎందుకు కూలిందో మనకెవరికీ వహీ రాలేదు. పలాసలో జీడి పిక్కలు కొట్టుకుని బ్రతికే ఆడమనిషి, ఆ రాత్రి పాక ఎగిరిపోయినావిడ, ఏ పేదవాని వాటా దాచుకుందని?

మేము కూడా గొప్పగా ఏమీ చెప్పలేదు. "సహనం వహించండి చాచా" అన్నాం. అల్ బఖరా సూరాలో భయం, ఆకలి, ధన ప్రాణ నష్టాలతో పాటు ఫలాల నష్టాన్ని కూడా పరీక్షగా పేర్కొని, సహనం వహించేవారికి శుభవార్త వినిపించమని ఆదేశం ఉన్నది కదా. మాట సరైనదే. చెప్పిన మా ఇళ్ళకు మాత్రం స్లాబులున్నాయి. స్లాబు కింద కూర్చున్నవాడు సహనం గురించి కొంచెం మెల్లగా మాట్లాడటం మంచిది. చాచా తల ఊపి లేచి వెళ్ళిపోయారు. ఆయన అడిగింది సహనం గురించి కాదు, లెక్క గురించి.

మొన్నటి చలికాలంలో బంధువుల పెళ్ళి కోసం పలాసలో రాత్రి బండి ఎక్కి హౌరా వెళ్ళాం. పెళ్ళి మరునాడు పిల్లలను శిబ్‌పూర్‌లోని బొటానికల్ గార్డెన్‌కు తీసుకువెళ్ళాం. తోటల సీమలో పుట్టినవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని తోట చూడటమేమిటని మాలో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. హుగ్లీ నది ఒడ్డున 270 ఎకరాల తోట అది. 1787లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి రాబర్ట్ కిడ్ ప్రారంభించాడు. 1793లో దాని బాధ్యత చేపట్టిన విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచినవాడే. కంపెనీవారి కోరికల్లో ముఖ్యమైనది ఓడలకు పనికివచ్చే టేకు. ఆ బురద నేలలో టేకు వారనుకున్నట్టు ఎదగలేదు. ఇవాళ జనం బారులు తీరి చూసేది టేకును కాదు, ఏ అధికారీ నాటించని ఒక మర్రిని. ఒక ఈత చెట్టు తలలో మొలకెత్తి పెరిగిందని అక్కడి పాత కథనం. అంటే దాన్ని నాటింది ఏదో పిట్టే అయి ఉండాలి.

ఆ మర్రికి 250 ఏళ్ళకు పైగా వయస్సు. దూరం నుంచి చూస్తే చెట్టులా ఉండదు, అడవిలా ఉంటుంది. మూడు వేలకు పైగా ఊడలు నేలలోకి దిగి స్తంభాల్లా నిలబడ్డాయి. దాని చుట్టూ 330 మీటర్ల బాట వేస్తే చెట్టు ఆ బాటను కూడా దాటుకుని పోయింది. మా పిల్లల్లో ఒకడు, "ఇందులో అసలు చెట్టు ఏది?" అని అడిగాడు. అసలు చెట్టు లేదు. 1864లో, 1867లో వచ్చిన తుఫానులకు దెబ్బ తిని, తెగులు పట్టి మొదలు కుళ్ళిపోతే 1925లో దాన్ని కోసి తీసేశారు. తల్లి మాను లేకుండానే నూరేళ్ళుగా మిగతాదంతా బ్రతుకుతోంది. 2020 మే నెలలో అంఫన్ తుఫాను ఆ తోటలో వందల చెట్లను కూల్చి, ఈ మర్రినీ గాయపరిచింది. అయినా నిలబడింది.

అక్కడే చాచా గుర్తుకు వచ్చారు. జవాబు దొరికిందనుకున్నాం. తిరిగి వచ్చాక, మొదటి జుమా రోజే ఆయన పక్కన కూర్చుని మర్రి సంగతంతా చెప్పాం. శ్రద్ధగా విన్నారు. విని, "కొబ్బరికి ఊడలుండవు కదా బాబూ" అన్నారు.

నిజమే. మర్రి ఓదార్పు మర్రికే. ఆ మాటతో పాటు ఇంకొక మాట కూడా బయటకు వచ్చింది: "నా లెక్క కోసం అడగలేదు. ఆ చెట్లు మా నాయిన నాటినవి. ఆయన పోయి ఇరవయ్యేళ్ళు. దారిన పోయేవాడు ఒక బొండం తాగినా ఆయనకు చేరుతోందని అనుకునేవాణ్ణి. చెట్టు పడిపోతే ఆయన లెక్క మూతపడినట్టేనా?"

ఇన్నేళ్ళూ ఈయన మోస్తున్నది ఇదా అని మేము సిగ్గుపడ్డాం. తర్వాత నిదానంగా ఆలోచించి చెప్పింది ఇది. ప్రళయం వచ్చిపడుతున్న వేళ చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటివేయమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి ఇమామ్ బుఖారీ 'అల్ అదబుల్ ముఫ్రద్'లో ఉన్నది. ఈ హదీసులో మనిషి లేడు, పిట్ట లేదు, దొంగ కూడా లేడు. తినేవారెవరూ మిగలరు. ఆ మొక్క వేరు పట్టే వ్యవధి సైతం ఉండదు. అయినా నాటమన్నారు. కాబట్టి లెక్క పండు దగ్గర మొదలవటం లేదు, చేతి దగ్గర, సంకల్పం దగ్గర మొదలవుతున్నది. గాలి చెట్టును తీసుకుపోగలదు. ఏనాడో మట్టిలో పెట్టిన చేతి పనిని తీసుకుపోలేదు, ఆ తోటలో అంతకాలం తిన్నవారి కడుపుల్లో నుంచీ తీసుకుపోలేదు. (ఈ మాట చెప్పి రైతును నష్టపరిహారం అడగవద్దనడం మా ఉద్దేశం కాదు. పరలోక లెక్క వేరు, ఇక్కడ రావలసిన బాకీ వేరు.)

ఇక మూతపడటం సంగతి. మనిషి మరణంతో అతని ఆచరణలు ఆగిపోయినా మూడు మాత్రం కొనసాగుతాయని హదీసు: కొనసాగే దానం, ప్రయోజనకరమైన విద్య, తండ్రి కోసం ప్రార్థించే సంతానం. "మొదటిది గాలి పట్టుకుపోయింది అనుకున్నా మూడోది ఇక్కడే కూర్చుని ఉంది కదా చాచా" అన్నాం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టోపీ మడిచి జేబులో పెట్టుకుని లేచారు. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "మా పెరట్లో పనస మొక్కలు నాలుగు లేచాయి. వానలు పడ్డాక ఖబరస్తాన్ గోడ వెంబడి పెడదాం. మోయటానికి ఇద్దరు కుర్రాళ్ళను పంపండి" అన్నారు.