చేయని కర్మకు ఫలమా?

కృతహాని, అకృతాభ్యాగమము అను రెండును దోషములని శాస్త్రకారులు నిర్ణయించిరి. చేసినది ఫలింపకపోరాదు, చేయనిది వచ్చి మీద పడరాదు.

1901 మొదలు 2018 వరకు సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. బొగ్గు, చమురు మండించుటచే భూమి వేడెక్కి, హిమము కరగుటయు నీరు వ్యాకోచించుటయు దీనికి హేతువులు. జకార్తా నగరము భూగర్భజలమును తోడి తానును క్రుంగుచున్నది. 2019లో ఇండోనేషియా ప్రభుత్వము రాజధానిని బోర్నియో ద్వీపమునకు మార్ప నిశ్చయించెను. కచేరీలు తరలును, సరే. తీరమందలి జాలరి యెచటికి పోవును? అతడు మండించిన బొగ్గెంత?

పూర్వకర్మమని బాధితుడు తనకు తాను చెప్పుకొనిన ఓదార్పు. మండించినవాడు చెప్పిన తప్పించుకొనుటయే. ద్వారకను సముద్రము ముంచనున్నదని యెరిగిన అర్జునుడు అచటి స్త్రీబాలవృద్ధుల కర్మను విచారింపలేదు. ఏడవనాటి ఉదయమున ప్రయాణమని చెప్పి వాహనములు సిద్ధము చేయించెను.