సంజ్ఞాభాషను యంత్రము నేర్పగలదా?

1876లో టెలిఫోనునకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వృత్తిచేత బధిరుల ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి లోపము. భార్య మేబెల్‌ బాల్యమునందే వినికిడిని కోల్పోయెను. అట్టివాని చేతినుండి వెలువడిన యంత్రము బధిరులకు మాత్రము నిరుపయోగమయ్యెను. అంతకంటె చింతింపదగినది వేరొకటి కలదు. సంజ్ఞాభాషను విడిచి పెదవుల కదలికను చదివించుటయే మేలని వాదించినవారిలో ఆయన ప్రముఖుడు. 1880లో మిలాన్ నగరమున కూడిన ఉపాధ్యాయులును అట్లే తీర్మానించిరి. ఆ సభలో బధిరులకు దాదాపు స్థానమే లేకుండెను.

దోషము యంత్రమునది కాదు. అమెరికా బధిరుల జాతీయసంఘమునకు పూర్వాధ్యక్షుడైన జార్జి వెడిట్జ్, తానును బధిరుడే, 1913లో చలనచిత్రపు కెమెరా ఎదుట నిలిచి, తన భాషను కాపాడుకొనవలసినదని ఆ భాషలోనే ఉపన్యసించెను. లిపికి అందని చేతిమాటకు ఫిల్మే తాళపత్రమైనది.

మన దేశమున 2015లో ఢిల్లీయందు భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము ఏర్పడినది. 2018లో 3,000 పదములతో వెలువడిన దాని దృశ్యనిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. 2024 డిసెంబరులో ఈ భాషకై ఒక విద్యా టెలివిజను ఛానెలును ప్రారంభమైనది. బధిరశిశువులలో అత్యధికులు వినగల తల్లిదండ్రులకే పుట్టుదురు. గురువు దొరకని పల్లెలో అట్టి తల్లికి చేతి ఫోను ఒక సంజ్ఞను చూపినచో, దానిని తక్కువచేసి మాటాడుట నాకు న్యాయముగ తోచదు.

అయినను నిఘంటువును కంఠస్థము చేసినవాడు భాష నేర్చినాడని ఎవరమును అనము. భారతీయ సంజ్ఞాభాషలో ప్రశ్నార్థకపదము సాధారణముగ వాక్యాంతమున వచ్చును. కనుబొమల కదలికయు వ్యాకరణములో భాగమే. అరచేయి అటు తిరుగవలసినది ఇటు తిరిగిన అర్థము మారవచ్చును. తెర ఎన్నిమారులైనను విసుగక చూపును గాని, నేర్చుకొనువాని చేతిని తాను చూడదు. కెమెరాతో తప్పులు దిద్దు యంత్రములను కూడ నేడు నిర్మించుచున్నారు. దిద్దుబాటు వరకు అవి తోడ్పడవచ్చును. సంభాషణ మాత్రము వినువాడు (ఈ మాటయే ఇక్కడ పొసగదు), చూచువాడు ఎదుట నుండి బదులు చెప్పినప్పుడే సాగును.

కావున ధర్మసందేహము, ఈ తెరను ఎవరు ఏ అవసరమునకు వాడుచున్నారను చోట పుట్టును. తల్లికి అది గత్యంతరము లేని ఆశ్రయము. పాఠశాల అదే తెరను గోడకు తగిలించి, బధిరోపాధ్యాయుని నియమింపకుండుటకు సాకుగ చూపినచో, అది ఋణము నెగవేయుటయే. పాఠశాలలు నిషేధించిన కాలమునందును ఈ చేతిమాటలను వసతిగృహములలో చాటుమాటుగ కాపాడినవారు బధిరులు. వారినుండి గ్రహించిన పాఠమును చెప్పు పీఠము వారికి దక్కకపోవుట చిన్న అన్యాయము కాదు.

పల్లెలోని ఆ తల్లి పది సంజ్ఞలు నేర్చినదనుకొందము. బిడ్డ తాను కల్పించుకొన్న పదునొకండవ సంజ్ఞతో ఏదో అడుగును. బధిరశిశువులు ఇండ్లలో అట్టివి కల్పించుకొనుట సహజము. అది ఏ నిఘంటువులోను ఉండదు. సమీప పట్టణమున కుట్టుమిషను ముందు కూర్చున్న బధిరుడొకడు దానిని చూచినంతనే గ్రహింపవచ్చును. అతనిని ఆ యింటికి పంపు బాధ్యత ఎవరిదో మనమింకను తేల్చుకొనలేదు.