గోగో అడిగిన ప్రశ్న

2010 జూలై 2 రాత్రి. జోహన్నెస్‌బర్గ్‌లోని అలెగ్జాండ్రా పేటలో ఓ వీధి జనమంతా పెద్ద టీవీ ఉన్న ఇంట్లో చేరారు. ఇల్లు చాలక వాకిట్లో కొందరు, కిటికీలకు వేలాడుతూ కొందరు. సాకర్ సిటీ స్టేడియంలో ఘనాకీ ఉరుగ్వేకీ ఫుట్‌బాల్ ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్. సొంత జట్టు మొదటి రౌండులోనే నిష్క్రమించాక దక్షిణాఫ్రికా వాళ్లు ఘనాను నెత్తిన పెట్టుకున్నారు. ‘బఘానా బఘానా’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

ఆట ముగిసి ఇంటికెళ్లిన ఒకావిడ గొల్లుమంది. ఆడవాళ్లు నెలనెలా దాచుకునే పొదుపు సంఘం డబ్బు ఆమె దగ్గరే ఉంటుంది. రేకుపెట్టె తాళం వేసింది వేసినట్టే ఉంది, లోపల డబ్బు లేదు. తాళంచెవి మొక్కజొన్న పిండి డబ్బాలో దాస్తుందని ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

“ఇంకెవరు? ఆ జింబాబ్వే వాడే!” అన్నాడు ఆమె మేనల్లుడు. వెనకగదిలో అద్దెకుండే కుర్రాడి మీదికి గుంపు కదిలింది.

వీధంతా గోగో అని పిలుచుకునే ముసలవ్వ కర్ర అడ్డం పెట్టింది.

“ఆగండి. నువ్వు ఆట చూశావా నాయనా?” అని మేనల్లుణ్ణి అడిగింది.

“మొత్తం చూశాను గోగో.”

“చివరి నిమిషంలో ఘనా ఆటగాడు గ్యాన్ కొట్టిన పెనాల్టీ ఏమైంది?”

“గోల్‌కీపర్ ఆపేశాడుగా.”

అవ్వ కుర్రాడి వైపు తిరిగింది.

“ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గోల్‌గీత మీద బంతిని చేత్తో ఆపితే రెడ్ కార్డు ఇచ్చారు గోగో. గ్యాన్ బంతి క్రాస్‌బార్‌కి తగిలి పైకి పోయింది. కిటికీ ఊచలు పట్టుకుని చూశాను.”

జనం మేనల్లుడి వైపు చూశారు. వాడికి గోడ అవతలి నుంచి జనం ఉసూరుమనడం మాత్రమే వినిపించింది. చొక్కా చేతిమడతలో తెల్లటి పిండి ఇంకా అంటుకునే ఉంది. డబ్బు వాడి బూటులో దొరికింది.

నీతి: దొంగను వెతికేటప్పుడు ఎక్కడివాడని కాదు, ఆ వేళకి ఎక్కడున్నాడని అడగాలి.

కథ కల్పితమే గానీ, ఆ కుర్రాడి భయం కల్పితం కాదు. 2008 మేలో ఇదే అలెగ్జాండ్రాలో విదేశీయుల మీద మొదలైన దాడులు ఇతర ప్రాంతాలకూ పాకి 62 మందిని బలిగొన్నాయి. పరాయివాళ్లని వెతుకుతూ బయల్దేరిన ఆ గుంపుల చేతుల్లో పోయినవాళ్లలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే. ఆ అంకె తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. రెండేళ్లయినా ఆ గాయం మానలేదు. ప్రపంచకప్పు అయిపోగానే మళ్లీ తరిమేస్తారన్న పుకారు పుట్టింది. ఘనా కోసం గొంతు పోయేలా అరిచిన ఆ దేశం నుంచే ఎంతోమంది జింబాబ్వే వాళ్లు మూటాముల్లె సర్దుకుని సరిహద్దు వైపు బస్సులెక్కారు.