ఆటస్థలంలో కళాకారుడు

తెలుగులో ఆట అనే మాటకు విశాలమైన అర్థమున్నది. కబడ్డీ ఆటే, కోలాటమూ ఆటే, తోలుబొమ్మలాటా ఆటే. ఆరుబయట నాటకం కడితే దానిని బయలాట అన్నారు. వీటిని విడదీసి ఒకదానికి క్రీడ అనీ, మరొకదానికి కళ అనీ పేర్లు పెట్టడం చదువుకున్నవారి అలవాటు. మా కడప జిల్లా తిరునాళ్ళలో ఆ విభజన నేటికీ పూర్తి కాలేదు. పగలు ఎద్దులతో బండలాగుడు పందేలు, రాత్రి చెక్కభజన, నాటకం. చుట్టుపక్కల ఊళ్ళ జనం రెంటికీ వస్తారు. మిఠాయి అంగళ్ళూ, గాజుల అంగళ్ళూ ఆ జనాన్ని నమ్ముకొనే వెలుస్తాయి. క్రీడనూ కళనూ యాత్రనూ కలపాలని నేడు ప్రణాళికలు వ్రాసేవారు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు.

అయితే తిరునాళ్ళను స్వర్గంగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. బండలాగుడు చాలాచోట్ల ఊరి పెద్దల పరువు పందెం. తప్పెట కొట్టే మాదిగ చేతులు లేనిదే ఊరేగింపు కదలదు. ఆ చేతులకు గుడి ముంగిట దక్కిన స్థానమేమిటో అందరికీ తెలుసు. కళకు చోటిచ్చి కళాకారునికి చోటివ్వకపోవడం మన భూస్వామ్య సమాజానికి పాత విద్య. ఆధునిక క్రీడోత్సవం ఆ విద్యను మానిందా, లేక మరింత పెద్ద మైదానంలో దానినే సాగిస్తున్నదా అన్నదే ప్రశ్న.

2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003 అక్టోబరులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధాని హైదరాబాదులో జరిగాయి. 2002 దేశమంతటా తీవ్రమైన కరవు సంవత్సరం. రాయలసీమకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. కరవు కాలంలో క్రీడలు కూడదని నేను అనను. బీదవాడికి ఉల్లాసం అనవసరమనే వాదం మనది కాదు. కాని అటువంటి ఉత్సవాలకు ఆటలతోపాటు మరొక లక్ష్యముంటుంది: నగరాన్ని పెట్టుబడిదారుల ముందూ, యాత్రికుల ముందూ నిలబెట్టడం. జానపద కళను ప్రారంభోత్సవానికి పిలిచేది సాధారణంగా ఆ లక్ష్యం కోసమే. గురువు దగ్గర అడుగు అడుగుగా నేర్చి, రామాలయం ముందు పొద్దుపోయేదాకా సాగించే చెక్కభజనకు అక్కడ దొరికేది కొద్ది నిమిషాలు. పాట వినిపించదు, కథ తెలియదు. రంగుల వరుస ఒకటి కదిలిపోతుంది.

ఇందులో అన్యాయమెక్కడున్నది? కొందరు, కళను ఉపయోగించుకోవడమే అన్యాయమంటారు. ఈ వాదం నాకు సమ్మతం కాదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథనూ వీధి నాటకాన్నీ ఉద్యమానికి ఉపయోగించింది. షేక్ నాజర్ వంటి కళాకారుడు అందులో అలంకారంగా నిలబడలేదు. ఏ కథ చెప్పాలో, ఎలా చెప్పాలో ఆలోచించినవారిలో అతడూ ఉన్నాడు. ఉపయోగపడినంత మాత్రాన మనిషి పనిముట్టు కాడు. తన పని మీద తన మాట చెల్లనప్పుడే పనిముట్టవుతాడు.

మరికొందరు, పేద కళాకారుడు సంతోషంగా వెళుతుంటే అడ్డుపడడానికి మీరెవరంటారు. ఇది బలమైన ప్రశ్న. అతడు వెళ్ళకూడదని చెప్పే హక్కు నాకు లేదు. కాని అవసరం కొద్దీ ఒప్పుకొన్న షరతు న్యాయమైన షరతు కానక్కరలేదు. 1982 ఢిల్లీ ఏషియన్ క్రీడల నిర్మాణ కార్మికుల తరఫున పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ మాటే చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టియే. ఆకలి కూడా ఒక బలవంతమే. మైదానాన్ని కట్టినవాడికి వర్తించే న్యాయం ఆ మైదానంలో చిందేసినవాడికి ఎందుకు వర్తించదు? శాలువా వేతనం కాదు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తుంచుకోదగినది. 1912 నుండి 1948 వరకు ఒలింపిక్స్‌లో సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, వాస్తువులకు కూడా పతకాలిచ్చారు. కళాకారులు తమ విద్యతో సంపాదించుకొనే వృత్తిదారులనీ, ఒలింపిక్స్ వృత్తిదారులకు కాదనీ వాదించి ఆ పోటీలను ఆపివేశారు. తరువాత క్రీడాకారునికి ఆ నిషేధం తొలగింది; నేడు అతడు ప్రతిఫలం అడిగితే ఎవరూ తప్పు పట్టరు. కళాకారుడు అడిగితే మాత్రం కళ అపవిత్రమైనదన్నట్టు చూసేవారు ఇంకా ఉన్నారు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహమ్మదాబాదులో జరగనున్నాయి. ఢిల్లీలో 2010లో ఇవే క్రీడలు జరిగినప్పుడు అతిథుల కంట పడకుండా మురికివాడలకు తెరలు కట్టారు. ఒకే దేశపు పేదజనంలో కొందరిని తెరచాటున దాచి, కొందరిని వేషం కట్టించి ముందు నిలబెట్టడంలోని నీతి ఏమిటో మనం అడగాలి. గండికోటలో ఉత్సవం జరిగినా ఇవే అడగాలి: ప్రదర్శన ఎంతసేపో నిర్ణయించడంలో బృందానికి పాత్ర ఉన్నదా? సాధన రోజులకు కూలి కట్టారా? ఉత్సవం ముగిశాక ఆ విద్య నేర్పే గురువుకు పల్లెలో ఆధారమేమైనా మిగిలిందా? వీటికి జవాబు లేని చోట మనం చప్పట్లతో సరిపెట్టుకోకూడదు. కళాకారులు సంఘంగా నిలబడి షరతులు మాట్లాడుకోవాలి. ఆ సంఘం కట్టడంలో వారి పక్కన నిలవడం కళాశాలల్లో జానపద సాహిత్యం పాఠం చెప్పే మా బోటివారి బాధ్యత కూడా.