మోటారు సాయంతో తిరిగే సైకిల్

మెట్లు ఎక్కడమే కష్టం, దిగడం తేలిక అనుకుంటారు చాలామంది. డుషెన్ కండరాల క్షీణత ఉన్న పిల్లల కండరాలకు మాత్రం దిగడమే ఎక్కువ చేటు.

కండర కణం పొరను కాపాడే ప్రోటీన్ డిస్ట్రోఫిన్. 1987లో గుర్తించిన ఈ ప్రోటీన్ వారి కండరాల్లో దాదాపుగా ఉండదు. మెట్లు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపుతుంది. ఆ లాగుడుకు పొర దెబ్బతింటుంది. భారీ బరువులెత్తినా అంతే.

అలాగని పిల్లాణ్ణి కదలకుండా కూర్చోబెడితే? వాడని కండరం మరింత సన్నబడుతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి.

ఈ చిక్కుపై నెదర్లాండ్స్ పరిశోధకులు 30 మంది అబ్బాయిలతో చేసిన ప్రయోగ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. వారిలో కొందరు నడవగలరు, కొందరు చక్రాల కుర్చీకే పరిమితం. ఒక బృందం మోటారు సాయంతో తిరిగే పెడళ్లను 24 వారాలపాటు కాళ్లతో తొక్కింది, చేతులతో తిప్పింది. వారి కదలిక సామర్థ్యం నిలకడగా ఉంది. ఆ సాధన చేయని రెండో బృందంలో తగ్గింది.

అందుకే ఫిజియోథెరపిస్టులు ఈత, తేలికపాటి సైక్లింగ్ సూచిస్తారు. వ్యాయామం తర్వాత అరగంట దాటినా తీరని నీరసం, మర్నాటికీ తగ్గని నొప్పి శ్రమ ఎక్కువైందనడానికి గుర్తులు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.