గ్రంథాలయంలో అంతర్జాలం: ఇచ్చామంటే సరిపోతుందా?

దానం గురించి భారతీయ చింతన వేసుకున్న ప్రశ్నల్లో అత్యంత పదునైనది కఠోపనిషత్తు ఆరంభంలోనే ఎదురవుతుంది. సర్వస్వదానానికి పూనుకున్న వాజశ్రవసుడు వట్టిపోయిన, గడ్డి మేసే సత్తువైనా లేని ఆవులను దక్షిణగా ఇస్తుంటే, అటువంటి దానం దాతను ఏ గతికి చేరుస్తుందోనని కొడుకు నచికేతుడు కలత చెందుతాడు. అక్కడ లోపం ఆవుల లెక్కలో లేదు, పుచ్చుకున్నవారికి అవి పనికిరాకపోవడంలో ఉంది. తగిన చోట, తగిన వేళ, పాత్రుడికి ఇచ్చినదాన్ని సాత్త్వికదానమనీ, ఆదరం లేకుండా ఇచ్చినదాన్ని తామసదానమనీ భగవద్గీత పదిహేడవ అధ్యాయం విభజించడంలోనూ ఇదే విచారణ కొనసాగుతుంది.

నేటి పౌర గ్రంథాలయాల్లోని అంతర్జాల సదుపాయాన్ని ఈ విచారణకు నిలబెట్టి చూడవలసి ఉంది. ఒక లైను సెకనుకు మోయగల సమాచార పరిమాణాన్ని బ్యాండ్‌విడ్త్ అంటారు. ఒకే లైనును హాలులోని వారందరూ పంచుకున్నప్పుడు ఒక్కొక్కరి వంతుకు దక్కేది స్వల్పం, పైగా చాలా కనెక్షన్లలో సమాచారాన్ని పంపే వేగం, అంటే అప్‌లోడ్ వేగం, అందుకునే వేగం కంటే తక్కువగా ఉంటుంది. ఉద్యోగ దరఖాస్తుకు ఆఖరి రోజున ఫొటో, సంతకం అప్‌లోడ్ చేయబోయిన నిరుద్యోగికి తెర మీద చక్రం తిరిగి తిరిగి, సెషన్ గడువు ముగిసి, నింపిన వివరాలన్నీ చెరిగిపోయి మళ్లీ మొదటి పేజీ ప్రత్యక్షమైతే, గోడ మీద ఉచిత ఇంటర్నెట్ అని రాసి ఉన్నందువల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. పాఠకుడి సమయం వృథా కానివ్వరాదన్న నియమాన్ని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన పంచసూత్రాల్లో చేర్చారు; పాఠకుడి కాలం అతని జీవితంలో భాగం మరి.

ఉచితంగా వచ్చేదానికి వంకలు పెట్టరాదనీ, అసలు లేనిదానికంటే ఇది నయమనీ కొందరు వాదించవచ్చు. అయితే ఇది దానమే కాదు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం, 1960 ననుసరించి ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది గనుక, పాఠకుడు అడుగుతున్నది తన సమాజం ముందే చెల్లించినదాన్ని. అంతకంటే లోతైన కారణం ఋషిఋణమనే భావనలో ఉంది. పూర్వుల నుంచి జ్ఞానం పొందిన ప్రతి తరమూ వారికి రుణపడి ఉంటుందనీ, అధ్యయనంతోనూ ఆ జ్ఞానాన్ని తర్వాతివారికి అందించడంతోనూ ఆ రుణం తీరుతుందనీ దాని సారాంశం. కృష్ణా డెల్టా కాలువల్లో పడవల మీద పల్లెలకు పుస్తకాలు చేరవేసిన ఆంధ్ర గ్రంథాలయోద్యమం ఈ బాధ్యతను ఆచరణలో చూపింది. పుస్తకం భవనంలో ఉంటే చాలునని ఆ కార్యకర్తలు సరిపెట్టుకోలేదు.

చెల్లని కాసుతో అప్పు తీరదు. అందువల్ల గ్రంథాలయ సంస్థలు కొన్న కంప్యూటర్ల లెక్కతో తృప్తి పడక, రద్దీ వేళ ఒక్కో కుర్చీకి దక్కుతున్న వేగాన్ని కొలవాలి, ఇంట్లో లైను లేని పాఠకుడు వచ్చిన పని ముగించుకుని వెళ్తున్నాడో లేదో కనుక్కోవాలి. ఆ పని పూర్తయిన నాడే సమాజం తన రుణంలో కొంత తీర్చుకున్నట్టు.