డీన్ కుర్చీలో ఎవరిని కూర్చోబెడదాం?

ఒక పరిశోధనా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రాల విభాగానికి డీన్ కావాలి. ఎంపిక చేసే సంఘంలో మీరూ ఒకరనుకోండి. అమెరికాలోనైతే ప్రకటన ఇచ్చి బయటివారినీ పిలుస్తారు. మన కేంద్ర విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ఉన్న ప్రొఫెసర్లలోంచే మూడేళ్లకు నియమిస్తారు. బయటివారిని పిలిచే చోట మీ ముందుకు మొదట వచ్చేది అభ్యర్థి ప్రచురించిన వ్యాసాల జాబితా. అందులో అందరికంటే మిన్న అయినవారినే పిలవాలనిపిస్తుంది. అది న్యాయమేనా?

గ్రెగర్ మెండెల్‌ను తలచుకోండి. బ్రనో నగరంలోని అగస్టీనియన్ మఠం తోటలో ఆయన ఎనిమిదేళ్లు బఠాణీ మొక్కలపై ప్రయోగాలు చేశారు. 1866లో ఆ వ్యాసం అచ్చయింది. 1868లో తోటి సన్యాసులు ఆయననే మఠాధిపతిగా ఎన్నుకున్నారు. ఇక లెక్కలు, సభలు, ఆపై ప్రభుత్వంతో పన్ను తగాదా. నా మొక్కలను, తేనెటీగలను పూర్తిగా వదిలేయవలసి వచ్చిందని 1873లో ఒక లేఖలో వాపోయారు. ఆ తగాదా తెగకుండానే 1884లో కన్నుమూశారు.

ఎన్నుకున్నవారిని తప్పుపట్టలేము. మఠానికీ మంచి పెద్ద కావాలి గదా! కానీ ఆయన పోగొట్టుకున్నదేమిటో వారిలో ఎవరైనా అడిగారా?

ఇంకొకటి. ఆ లేఖ అందుకున్నది మ్యూనిక్‌లోని నేగెలీ. పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడే. మెండెల్ వ్యాసం ఆయన చేతికి వచ్చింది, విలువ మాత్రం కంటికి ఆనలేదు. 1900 దాకా లోకానికీ ఆనలేదు.

డీన్ రోజూ చూడవలసింది పరుల తోటలే. కనుక అభ్యర్థిని ఈ రెండూ అడగండి: పేరులేని ఎవరి పనిని మీరు ముందుగా గుర్తించారు? మీరు కుర్చీ ఎక్కితే మీ ప్రయోగశాలలోని పిల్లలను ఎవరు చూస్తారు? జవాబు చెప్పే ముందు ఆయన ఎంతసేపు ఆలోచిస్తారో కూడా గమనించండి.